బాయి జీతం, బాయి బోనస్.. పెట్టుబడి కూడా బాయిలోనేనా?

2025 దసరాకు ముందు సింగరేణి లాభాల వాటా లెక్క బయటికొచ్చింది. 2024-25లో కంపెనీకి 6,394 కోట్ల రూపాయల లాభం. విస్తరణ పనులకు పక్కన పెట్టింది పోను మిగిలిన 2,360 కోట్లలో 34 శాతం పర్మనెంట్ కార్మికులకు అని ప్రభుత్వం ప్రకటించింది. అంటే సగటున ఒక్కొక్కరికి 1,95,610 రూపాయలు. కాంట్రాక్టు కార్మికులకు 5,500. భూపాలపల్లి కేటీకే బాయిల్లో పనిచేసే మనిషి ఉన్న ఇంటికి ఏడాదిలో ఒకేసారి చేతికొచ్చే పెద్ద మొత్తం ఇదే. దీని వెనకాలే దీపావళి బోనస్.

డబ్బు వచ్చిందంటే సలహాలూ వస్తాయి. ఒకప్పుడు చిట్టీ, ప్లాటు, తులం బంగారం అనేవాళ్లు. ఇప్పుడు ఫోన్‌లో డీమాట్ యాప్, అందులో మెటల్, మైనింగ్ అని పేరున్న ఈటీఎఫ్‌లు, పక్కన ఆకుపచ్చ రంగులో ఏడాది రిటర్న్. బాయిలో పనిచేసే అన్న ఆ స్క్రీన్‌షాట్‌ను కొత్తగూడలో కిరాణా కొట్టు నడిపే తమ్ముడికి పంపడం, "గనుల సంగతి మనకు తెలిసిందే కదా, ఇందులో పెడదామా" అని అడగడం ఇవాళ ఏ ఇంట్లోనైనా జరిగే ముచ్చటే.

తెలిసిన రంగం కాబట్టి రిస్క్ తక్కువ అనిపించడం సహజం. లెక్క వేసి చూస్తే మాత్రం సింగరేణి మీద బతికే ఇంటికి ఈ రకం ఫండ్ మిగతావాళ్ల కంటే ఎక్కువ రిస్క్. ఎందుకో తెలియాలంటే ముందు ఆ ఫండ్‌లో ఏముందో చూడాలి.

పేరు గనిది, సరుకు ఎవరిది?

ఈటీఎఫ్ అంటే చాలా కంపెనీల షేర్లున్న ఒక బుట్ట. ఆ బుట్టలో ఒక ముక్కను యూనిట్ అంటారు. దాన్ని మామూలు షేరు లాగే ఎక్స్‌ఛేంజీలో కొనొచ్చు, అమ్మొచ్చు. బుట్టలో ఏ కంపెనీ ఎంత ఉండాలో ఫండ్ మేనేజర్ ఇష్టం కాదు, ఒక సూచీ చెబుతుంది.

ముందే చెప్పుకోవాల్సిన మాట ఒకటి. ఏ బుట్ట కొన్నా అందులో సింగరేణి ఉండదు. ఆ కంపెనీలో 51 శాతం రాష్ట్ర ప్రభుత్వానిది, 49 శాతం కేంద్రానిది. షేరు మార్కెట్‌లో అది లేదు. సింగరేణి లాభం ఎంత పెరిగినా ఈటీఎఫ్ యూనిట్ మీద పైసా కూడా పడదు.

మరి ఏముంటాయి? ఐసీఐసీఐ ప్రుడెన్షియల్ 2024లో నిఫ్టీ మెటల్ సూచీని అనుసరించే ఈటీఎఫ్ తెచ్చింది. ఆ సూచీలో పెద్ద బరువు టాటా స్టీల్, జేఎస్‌డబ్ల్యూ స్టీల్, హిందాల్కో లాంటివాటిది. అంటే ఉక్కు, అల్యూమినియం కరిగించి అమ్మేవాళ్లది. అచ్చంగా తవ్వి అమ్మే కంపెనీ అంటే ఎన్ఎండీసీ. హైదరాబాద్ మాసబ్‌ట్యాంక్‌లో దాని హెడ్ ఆఫీసు, ఛత్తీస్‌గఢ్ బైలడిలాలో దాని ఇనుప గనులు. కానీ బుట్టలో దాని వాటా చిన్నదే. ఇనుప ఖనిజం ధర పెరిగితే ఎన్ఎండీసీకి లాభం, దాన్ని కొనే ఉక్కు కంపెనీకి ఖర్చు. రెండూ ఒకే బుట్టలో ఉన్నాయి!

బొగ్గు కావాలనుకునేవాళ్లు సాధారణంగా చేరేది సీపీఎస్ఈ ఈటీఎఫ్ దగ్గరికి. ప్రభుత్వ రంగ కంపెనీల్లో తన వాటా కొంత అమ్ముకోవడానికి కేంద్రం 2014 మార్చిలో దీన్ని తెచ్చింది. మొదటి విడతలోనే 3,000 కోట్లు సమీకరించింది. ఇప్పుడు దీన్ని నిప్పాన్ ఇండియా నడుపుతోంది. ఇందులో కోల్ ఇండియా ఉంది, ఓఎన్‌జీసీ ఉంది, వాటితో పాటు ఎన్టీపీసీ, పవర్ గ్రిడ్, రక్షణ పరికరాలు చేసే బెల్ కూడా ఉన్నాయి. ఇది గనుల ఫండ్ కంటే ఢిల్లీ సర్కారు ఫండ్ అనడం సబబు.

భూమిలో ఖనిజం ఉండటానికీ షేరులో లాభం రావడానికీ మధ్య ఎంత దూరముందో మహబూబాబాద్ జిల్లా వాళ్లకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. బయ్యారం ఇక్కడే ఉంది. 2014 విభజన చట్టం 13వ షెడ్యూల్‌లో అప్పటి ఖమ్మం జిల్లాకు ఉక్కు ఫ్యాక్టరీ సాధ్యాసాధ్యాలు చూడాలని రాశారు. ఖనిజం నాణ్యత, గిట్టుబాటు అంటూ ఏళ్లు గడిచాయి. పదేళ్లు దాటినా ఫ్యాక్టరీ పొగ లేవలేదు.

రిటర్న్ అంటే ఏ తేదీ నుంచి?

యాప్‌లో కనిపించే రిటర్న్ అంకె అబద్ధం కాదు. అది ఏ రోజు నుంచి ఏ రోజుకు అన్నదే అసలు సంగతి. దీనికి కోల్ ఇండియా కంటే మంచి ఉదాహరణ దొరకదు.

2010 అక్టోబరులో కోల్ ఇండియా పబ్లిక్ ఇష్యూ వచ్చింది. 15 వేల కోట్లకు పైగా సమీకరించిన ఆ ఇష్యూ అప్పటికి దేశంలోనే పెద్దది. షేరు ధర 245 రూపాయలు. పదేళ్ల తర్వాత, 2020 రెండో సగంలో, అదే షేరు 110-120 రూపాయల దగ్గర తిరిగింది. సగం కంటే కిందికి. 2024 ఆగస్టులో 540 దాటింది.

2010లో 245కి కొని 2024 ఆగస్టు దాకా ఉంచుకున్నవాళ్లకు ధరలో వచ్చిన పెరుగుదల ఏడాదికి సుమారు 6 శాతం. 2020 చివర్లో 115 దగ్గర కొన్నవాళ్లకు ఏడాదికి 50 శాతం దాకా. కంపెనీ అదే, అమ్మిన రోజూ అదే. కొన్న రోజు మాత్రమే వేరు. ప్రకటనల్లో కనిపించేది రెండో మనిషి లెక్క. మొదటి మనిషి చేతికి మధ్యలో మంచి డివిడెండ్లు వచ్చిన మాట నిజం. 2013-14లో ఒక్క ఏడాదే షేరుకు 29 రూపాయలిచ్చారు. ఆ డివిడెండ్లు లేకపోతే పదేళ్ల నిరీక్షణకు దక్కింది నష్టమే. పైగా గనుల కంపెనీల డివిడెండ్ ప్రతి ఏడాదీ ఒకేలా రాదు, దాన్ని పింఛను లెక్కన నమ్ముకోలేం.

సీపీఎస్ఈ ఈటీఎఫ్ కథ కూడా ఇదే. 2014లో మొదలై, 2020 మార్చి కరోనా పతనంలో మొదటి రోజు ధర కంటే కిందికి దిగింది. ఆరేళ్లు ఓపిక పట్టినా యూనిట్ ధరలో మిగిలింది సున్నా కంటే తక్కువ. ఆ తర్వాత నాలుగేళ్లలో అనేక రెట్లయింది. 2025లో అయిదేళ్ల రిటర్న్ అని చూపించిన అంకె ఆ 2020 గుంత అడుగు నుంచి కొలిచిందని ఎవరూ చెప్పలేదు.

గని ఎందుకంత ఊగుతుంది?

ఒక టన్ను తవ్వడానికి కంపెనీకి 2,500 రూపాయల ఖర్చు, అమ్మకం ధర 3,000 అనుకుందాం. లాభం 500. ధర 10 శాతం తగ్గి 2,700 అయితే ఖర్చేమీ తగ్గదు. జీతాలు, డీజిల్, పేలుడు మందు, యంత్రాల కిస్తీలు అన్నీ అలాగే ఉంటాయి. లాభం 200కి పడిపోతుంది. సరుకు ధర తగ్గింది 10 శాతం, లాభం తగ్గింది 60 శాతం. ధర 10 శాతం పెరిగితే లాభం 800 అవుతుంది, అదీ 60 శాతమే. గనుల షేర్లు మిగతా మార్కెట్ కంటే ఎక్కువగా ఎగరడం, పడడం వెనక ఉన్నది ఈ చిన్న లెక్కే.

బంగారంలోనూ అంతే. బంగారం గనుల కంపెనీల మీద అమెరికాలో 2006 నుంచి ఉన్న వాన్‌ఎక్ గోల్డ్ మైనర్స్ ఈటీఎఫ్ 2011 సెప్టెంబరు శిఖరం నుంచి 2016 జనవరికి 80 శాతం పడింది. అదే కాలంలో బంగారం పడింది దాదాపు 45 శాతం. గల్ఫ్‌లోనో అమెరికాలోనో ఉన్న కొడుకు "బంగారం గనుల ఫండ్ కొంటున్నా అబ్బా" అంటే, అది అమ్మ పెట్టెలోని గాజుల లాంటిది కాదని ఇంట్లో తెలిసి ఉండాలి. ఆ ఫండ్ 2025లో రెట్టింపుకు మించి పెరిగింది కూడా. రెండూ ఒకే స్వభావానికి రెండు ముఖాలు.

మన దగ్గరి పాత అనుభవం ఇంకా కఠినమైనది. 2008 జనవరి ప్రాంతంలో బీఎస్ఈ మెటల్ సూచీ దాదాపు 20 వేల దగ్గర ఉంది. ఆ ఏడాది చివరికి 5 వేల చిల్లర. 2009లో మళ్లీ లేచి 17 వేలు దాటింది. 2009 రిటర్న్ చూస్తే 230 శాతానికి పైనే, కళ్లు తిరిగే అంకె. కానీ 2008 మొదట్లో లక్ష పెట్టినవాళ్లకు అది 26 వేలై, ఆ కళ్లు తిరిగే ఏడాది తర్వాత 87 వేలైంది. ఇంకా అసలు రాలేదు. ఆ సూచీ మళ్లీ పాత శిఖరం తాకడానికి 2021 దాకా పట్టింది. పదమూడేళ్లు! పదో తరగతి చదివే పిల్ల పెళ్లి కోసం ఆ డబ్బు దాచి ఉంటే పెళ్లి కూడా ఆగేది కాదు, అప్పు చేసి చేసేవాళ్లు.

రిస్క్ చూడాలంటే యాప్‌లో స్టాండర్డ్ డీవియేషన్ అనే గడి ఉంటుంది. దానికంటే తేలిగ్గా అర్థమయ్యేది ఒకటుంది. ఆ సూచీ గతంలో శిఖరం నుంచి ఎంత లోతుకు పడింది, తిరిగి రావడానికి ఎన్నేళ్లు పట్టింది అన్నది. 74 శాతం పడినదాన్ని అసలుకు తేవాలంటే 285 శాతం పెరగాలి.

ఈ రంగంలో ఇంకో దెబ్బ రాత్రికి రాత్రి వస్తుంది. 2022 మే 21 శనివారం రాత్రి కేంద్రం ఉక్కు మీద 15 శాతం, ఇనుప ఖనిజం మీద 50 శాతం దాకా ఎగుమతి సుంకం వేసింది. సోమవారం మార్కెట్ తెరవగానే మెటల్ సూచీ 8 శాతం దాకా కూలింది. నవంబరులో ఆ సుంకం ఎత్తేశారు. సోమవారం భయపడి అమ్మినవాళ్ల నష్టం మాత్రం అలాగే మిగిలింది. 2014 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఒకే తీర్పుతో 214 బొగ్గు బ్లాకులు రద్దు చేసిన సంగతీ ఈ కోవలోదే.

ఒకే ఇంట్లో రెండుసార్లు బొగ్గు

భూపాలపల్లిలో ఒక ఇల్లు అనుకుందాం. అబ్బా కేటీకే బాయిలో. చిన్నాయన మంజూర్‌నగర్‌లో చికెన్ దుకాణం, కొనేవాళ్లంతా బాయి వాళ్లే. పైపోర్షన్ కిరాయికి ఇచ్చారు, అందులో ఉన్నది కాంట్రాక్టు డ్రైవర్. కొత్తగూడలో తమ్ముడి కొట్టుకు సరుకు పెట్టుబడి కూడా అన్న జీతంలోంచే పోతుంది. పీఎఫ్, పింఛను, ఇంటి విలువ, అన్నీ బొగ్గు చుట్టూనే. ఈ ఇంటి ఆస్తుల పట్టిక రాస్తే నూటికి తొంభై వంతులు అప్పటికే గనిలో పెట్టినట్టే. ఇప్పుడు బోనస్ కూడా తీసుకెళ్లి అక్కడే పెడితే?

దీనికి ఒక అభ్యంతరం ఉంది, అది సరైనదే. సింగరేణి బొగ్గులో ఎక్కువ భాగం కరెంటు కేంద్రాలకు ముందే రాసుకున్న ఒప్పందాల ప్రకారం పోతుంది. ఉక్కు ధర పడినంత మాత్రాన బాయి ఆగదు. కాబట్టి మెటల్ ఈటీఎఫ్, సింగరేణి జీతం రెండూ ఒకే రోజు పడాలని లేదు. కానీ సీపీఎస్ఈ ఈటీఎఫ్ విషయంలో ఈ వాదన నిలవదు. అందులోని ఎన్టీపీసీయే రామగుండంలో సింగరేణి బొగ్గు కాల్చే కంపెనీ. బొగ్గు కరెంటుకు గిరాకీ తగ్గిన రోజు అమ్మేవాడి కార్మికుడికీ దెబ్బే, కొనేవాడి షేరుకూ దెబ్బే.

పెద్దవాళ్లకు ఇది గుర్తుండాలి. 1990లలో సింగరేణి రెండుసార్లు ఖాయిలా పడి బీఐఎఫ్‌ఆర్ గడప తొక్కింది. ఒకప్పుడు లక్ష దాటిన కార్మికుల సంఖ్య ఇవాళ 41 వేల దగ్గరుంది. ఇప్పటి లాభాలు చూసి అదంతా మర్చిపోవడం తేలిక. ఒకే మబ్బు కింద అన్ని బట్టలూ ఆరేసే పని తెలిసి తెలిసి ఎవరూ చేయరు.

ఇదే ఈటీఎఫ్ హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే కుటుంబానికి చిన్న వాటాగా పనికిరావచ్చు. వాళ్ల జీతం బొగ్గుతో ముడిపడి లేదు. ఫండ్ ఒక్కటే, కొనే ఇల్లు మారితే దాని రిస్క్ మారిపోతుంది.

ఊపు చూసి ఎక్కడం

మొమెంటమ్ అనే మాట ఈ మధ్య బాగా వినిపిస్తోంది. పెరుగుతున్నది ఇంకొంత కాలం పెరుగుతుందన్న ఊహ మీద నడిచే పద్ధతి. ఇది ఉత్త కబురు కాదు. జెగదీష్, టిట్‌మన్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు 1993లో అమెరికా షేర్ల మీద పరిశోధన చేసి, గత 3 నుంచి 12 నెలల్లో బాగా పెరిగినవి తర్వాతి కొన్ని నెలలు మిగతావాటి కంటే మెరుగ్గా నడిచాయని చూపించారు. మన ఎక్స్‌ఛేంజీలో నిఫ్టీ 200 మొమెంటమ్ 30 అనే సూచీ కూడా ఉంది.

అయితే ఆ పద్ధతిలో ఎక్కడం సగమే. ఊపు తగ్గగానే దిగడం మిగతా సగం. ఫలానా గీత దాటి కిందికొస్తే అమ్మేస్తాం అని ముందే రాసుకుని, ఆ రోజు మనసు పీకినా అమ్మాలి. మన ఇళ్లలో జరిగేది వేరు. పెరిగిందని కొంటారు, పడితే "అసలు వచ్చాక అమ్ముదాం" అంటారు. అది మొమెంటమ్ కాదు, ఇరుక్కుపోవడం. పైగా మార్కెట్ నడిచేది ఉదయం 9.15 నుంచి మధ్యాహ్నం 3.30 దాకా. ఉదయం షిఫ్టులో బాయి దిగిన మనిషి చేతిలో ఫోన్ ఉండదు, లోపలికి తీసుకెళ్లనివ్వరు. పైకొచ్చేసరికి మార్కెట్ మూసే వేళ.

కొత్తగూడ, నర్సంపేట వైపు రైతులకు ఈ ఊపు కొత్తది కాదు. ఎనుమాముల మార్కెట్‌లో ఒక ఏడాది మిర్చి రేటు పలికిందంటే మరుసటి ఏడాది పత్తి చేలు కూడా మిర్చి తోటలవుతాయి. అందరి పంటా ఒకేసారి వచ్చేసరికి రేటు నేల చూస్తుంది. గనుల్లోనూ అదే చక్రం. ధర బాగున్నప్పుడు అందరూ కొత్త గనులు తెరుస్తారు, బొగ్గో ఖనిజమో బయటికొచ్చేసరికి గిరాకీ తగ్గి ఉంటుంది. ఉక్రెయిన్ యుద్ధం పుణ్యమా అని 2022లో ఆస్ట్రేలియా న్యూకాజిల్ బొగ్గు టన్ను 400 డాలర్లు దాటింది. 2025 నాటికి 100 డాలర్ల దగ్గరికి దిగింది.

హలాల్ లెక్క

చాలా ఇళ్లలో అసలు ప్రశ్న ఇదే. గని తవ్వి ఖనిజం అమ్మడం వ్యాపారంగా అభ్యంతరం లేనిది. చిక్కు కంపెనీ ఖాతా పుస్తకాల్లో ఉంటుంది. ఎక్కువ షరియా సూచీలు రెండు వడపోతలు పెడతాయి: వడ్డీ అప్పు సుమారు మూడో వంతు లోపు ఉండాలి, వడ్డీ లాంటి ఆదాయం 5 శాతం లోపు ఉండాలి. ఉక్కు కంపెనీలు ఫర్నేసులు కట్టేది బ్యాంకు అప్పులతో. కరెంటు కంపెనీల అప్పు ఇంకా పెద్దది. కోల్ ఇండియాకు అప్పు బాధ తక్కువ, కానీ బ్యాంకుల్లో దాచిన డబ్బు మీద వడ్డీ వస్తుంది.

విడిగా షేరు కొనేవాళ్లు ఒక కంపెనీని ఏరి పక్కన పెట్టగలరు. ఈటీఎఫ్‌లో ఆ వీలు లేదు, బుట్ట మొత్తం కొనాల్సిందే. అందుకే మామూలు మెటల్, సీపీఎస్ఈ ఈటీఎఫ్‌లను షరియా ఫండ్‌గా లెక్కించలేం. ఆ వడపోతతోనే నడిచే నిఫ్టీ 50 షరియా బీస్, టాటా ఎథికల్ ఫండ్ లాంటివి ఉన్నాయి. వాటిలో ఐటీ కంపెనీల బరువు ఎక్కువ. బొగ్గు ఇంటికి అది లోపం కాదు, కావాల్సిందే. డివిడెండ్‌లో శుద్ధి చేయాల్సిన భాగం, జకాత్ లెక్క గురించి ఉలమాల మధ్య వేర్వేరు పద్ధతులున్నాయి, తమ ఆలిమ్‌ను అడిగి తేల్చుకోవడం మేలు.

వడ్డీ లేని లాభం అన్న మాటతో మన వాళ్లు ఎంత పోగొట్టుకున్నారో హైదరాబాద్‌కు తెలుసు. ఏడాదికి 36 శాతం దాకా ఆశ చూపి డిపాజిట్లు తీసుకున్న హీరా గ్రూపు వ్యవహారం 2018లో బయటపడి కోర్టులకెక్కింది. దానితో పోలిస్తే ఈటీఎఫ్ సెబీ నిఘాలో ఉంటుంది, ఏ కంపెనీ ఎంతుందో ఎవరైనా చూడొచ్చు, ఏ రోజైనా అమ్ముకోవచ్చు. డబ్బు ఎత్తుకుపోయే భయం లేదు. ధర పడే భయం మాత్రం పూర్తిగా కొన్నవాళ్లదే.

కొనేముందు ఒక ధర, కొన్నాక ఒక పన్ను

ఈటీఎఫ్‌కు రెండు ధరలుంటాయి. బుట్టలోని షేర్ల అసలు విలువ ఒకటి, ఎక్స్‌ఛేంజీలో జనం పెడుతున్న ధర ఇంకొకటి. మామూలు రోజుల్లో రెండూ దగ్గరదగ్గరగా ఉంటాయి. అందరూ ఎగబడినప్పుడు విడిపోతాయి. 2025 అక్టోబరులో వెండి ఈటీఎఫ్‌లు అసలు వెండి విలువ కంటే 10 శాతం పైగా ఎక్కువకు అమ్ముడయ్యాయి. కొన్ని ఫండ్ సంస్థలు తమ వెండి పథకాల్లోకి పెద్ద మొత్తాలు తీసుకోవడమే ఆపేశాయి. రోజుకు తక్కువ యూనిట్లు చేతులు మారే సెక్టార్ ఈటీఎఫ్‌లో ఈ తేడా ఇంకా సులువుగా వస్తుంది. ఫండ్ సంస్థ వెబ్‌సైట్‌లో ఐనావ్ అనే అంకె చూసి, దాని దగ్గరి ధరకే లిమిట్ ఆర్డర్ పెట్టాలి.

ఏడాదిలోపు అమ్మితే లాభం మీద 20 శాతం పన్ను. ఏడాది దాటితే 1.25 లక్షల లాభం వరకు పన్ను లేదు, ఆపైన 12.5 శాతం. 2024 జూలై 23 నుంచి ఇదే లెక్క.

ఇవన్నీ చూశాక కూడా గనుల మీద మనసు పోతే, బోనస్‌లో పదో వంతు దాటకుండా, అదీ అయిదారేళ్లు ముట్టుకోనవసరం లేని డబ్బయితేనే. హజ్ వాయిదాలు, ఇంజినీరింగ్ ఫీజు, రెండేళ్లలో ఉన్న పెళ్లి ఖర్చు ఇందులోకి రాకూడదు. అప్పుంటే ముందు అది తీర్చాలి. మైక్రోఫైనాన్స్ వడ్డీని మించి ఏటా గ్యారంటీగా ఇచ్చే ఈటీఎఫ్ ఏదీ లేదు.

ఈ రంగంలోకి వచ్చేవాళ్లు రాబోయే నెలల్లో కనిపెట్టాల్సింది ఒకటుంది. ఖనిజాల మీద పన్ను వేసే హక్కు రాష్ట్రాలకు ఉందని 2024 జూలై 25న సుప్రీంకోర్టు తొమ్మిది మంది జడ్జీల ధర్మాసనం 8-1తో తీర్పిచ్చింది. ఆగస్టు 14న ఆ హక్కు 2005 ఏప్రిల్ 1 నుంచే వర్తిస్తుందని చెప్పింది. పాత బకాయిలు కట్టడానికి కంపెనీలకు 12 ఏళ్ల గడువిచ్చింది. ఆ వాయిదాలు 2026 ఏప్రిల్ 1 నుంచి మొదలు. ఏ కంపెనీ మీద ఎంత పడుతుందన్నది అది ఏ రాష్ట్రంలో తవ్వుతోంది, ఆ రాష్ట్రం ఎంత పన్ను వేసింది అన్నదాన్ని బట్టి ఉంటుంది. యాప్‌లోని ఆకుపచ్చ అంకెలో అది కనిపించదు, కంపెనీల త్రైమాసిక ఫలితాల కింద నోట్లలో వెతకాలి.